అద్దాల లిఫ్ట్‌లో గంటా యాభై అయిదు నిమిషాలు, ఆ తర్వాత ఏడు నెలలు

లిఫ్ట్‌లో ఇరుక్కున్న ఆ మధ్యాహ్నం గురించి మాత్రమే రాద్దామని కూర్చున్నాను. కానీ అసలు కష్టం బయటపడ్డాక మొదలైంది కాబట్టి అదీ రాస్తున్నాను, పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నాది గడియారాలు బాగుచేసే చిన్న షాపు. మా మాల్ గుండ్రంగా ఉంటుంది. అంతస్తులంటూ విడిగా లేవు, కింద నుంచి పైదాకా ఒకటే వాలు దారి, నత్తగుల్లలాగా అయిదు చుట్లు తిరుగుతూ వెళ్తుంది, ఆ దారి పక్కనే షాపులు. నడిమధ్యలో పైకప్పు దాకా ఖాళీ, ఆ ఖాళీలో మూడు అద్దాల లిఫ్ట్‌లు. ఎస్కలేటర్ లేదు. ఉన్న ఒక్క మెట్లదారి నిప్పంటుకున్నప్పుడు పారిపోవడానికి కట్టింది, అందులో బల్బులు కూడా సరిగ్గా వెలగవు. మొత్తం 64 షాపుల్లో ఈ ఏడాది మొదట్లో తెరిచి ఉన్నవి 19. మూడు లిఫ్ట్‌లలో నడిచేది ఒక్కటే, మిగతా రెండింటి నుంచి ఒక్కో భాగమూ ఊడదీసి దీనికి పెడుతూ వచ్చారు. నా షాపు అయిదో చుట్టులో, అన్నిటికన్నా పైన. అద్దె తక్కువని తీసుకున్నాను. ఎందుకు తక్కువో తర్వాత బాగా తెలిసొచ్చింది.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం రెండూ ఇరవై. కింద టీ తాగి పైకి వెళ్దామని లిఫ్ట్ ఎక్కాను. నాతోపాటు అరవై దాటిన ఒక పెద్దావిడ, చేతిలో దుప్పట్లో చుట్టిన గోడ గడియారం. నా దగ్గరికే వస్తున్నారని మాటల్లో తెలిసింది. మూడో చుట్టు దాటింది, నాలుగోది రాలేదు, చిన్న కుదుపు, లిఫ్ట్ ఆగిపోయింది. చప్పుడు లేదు, జారిపోవడం లేదు. లైటు వెలుగుతూనే ఉంది కాబట్టి కరెంటు పోలేదని మాత్రం అర్థమైంది. ఫ్యాన్ ఎప్పుడో ఆగిపోయింది లెండి, దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అలారం బటన్ నొక్కాను. ఎక్కడో గంట మోగింది, మాకు వినబడింది కూడా. కాసేపటికి గుర్తొచ్చింది, ఆ గంట మోగేది కింద పాత సెక్యూరిటీ గదిలో, ఆ గదికి తాళం పడి చాలా కాలమైంది. ఫోన్ మాత్రం పనిచేసింది. ఇనుప డబ్బా లాంటి మామూలు లిఫ్ట్‌లో సిగ్నల్ దొరకడం కష్టం, అద్దాల లిఫ్ట్‌లో ఆ బాధ లేదు, అదొక్కటే అదృష్టం. లోపల అంటించిన స్టిక్కర్ మీద నంబరుకి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. మెయింటెనెన్స్ కంపెనీ మారి ఏడాది దాటినా స్టిక్కర్ మార్చలేదు. కాబట్టి మీరు రోజూ ఎక్కే లిఫ్ట్‌లో ఉన్న నంబరుకి బయట నిలబడి ఒకసారి ఫోన్ చేసి చూడండి, లోపల ఉన్నప్పుడు కాదు. చివరికి కింద జెరాక్స్ షాపు కుర్రాడికి ఫోన్ చేశాను, వాడు మేనేజ్‌మెంట్ ఆఫీసుకి పరిగెత్తాడు, వాళ్ళు మెకానిక్‌కి చెప్పారు. అప్పటికి రెండూ నలభై.

ఇక చూడండి, అద్దాల లిఫ్ట్‌లో ఇరుక్కోవడం అంటే ఏమిటో. మామూలు లిఫ్ట్‌లో అయితే చీకటి, ఉక్క, భయం. ఇక్కడ భయం కన్నా ముందు సిగ్గు వచ్చింది. చుట్టూ గుండ్రంగా తిరిగే దారి మీద ఎక్కడ నిలబడ్డా మేము కనిపిస్తాం. ఖాళీ మాల్ కదా ఎవరుంటారులే అనుకున్నాను, పది నిమిషాల్లో పదిహేను మంది చేరారు. ఆ వారంలో మాల్‌కి వచ్చిన పెద్ద గుంపు అదేనేమో. ఒకతను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. పెద్దావిడ ఒక్క మాట అన్నారు, "బాబూ, నువ్వు కాస్త అటు నిలబడు, నేను నీ వెనక కూర్చుంటాను, నన్నెవరూ చూడక్కర్లేదు." కింద దుప్పటి పరిచి, గడియారం ఒళ్ళో పెట్టుకుని, అద్దానికి వీపు చేసి కూర్చున్నారు. నేను గంటన్నర ఆవిడకి పరదాలాగా నిలబడ్డాను.

మూడయ్యేసరికి పైకప్పు అద్దంలోంచి ఎండ నేరుగా మా మీద పడింది. గాలి అయిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. నిజానికి అయిపోదట. లిఫ్ట్ క్యాబిన్‌కి అడుగునా పైనా గాలి ఆడే సందులు తప్పకుండా ఉంచుతారు, ఊపిరాడక పోయే ప్రమాదం ఉండదని మెకానిక్ తర్వాత చెప్పాడు. వేడి మాత్రం నిజం. నా చొక్కా తడిసిపోయింది. ఆవిడ దగ్గర నీళ్ళ సీసా ఉంది, ఇద్దరం కొంచెం కొంచెం తాగాం. ఎక్కువ తాగితే ఇంకో ఇబ్బంది అని ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

మధ్యలో నాలుగో చుట్టు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఇనుప రాడ్ తెచ్చి తలుపు తీస్తాం, ఎక్కి వచ్చేయండి అన్నారు. మా నెత్తికి పైన ఒక రెండడుగుల సందు కనిపిస్తోంది, నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది. అదే సమయానికి మెకానిక్ ఫోన్‌లో ఉన్నాడు. "సార్, దాని జోలికి వెళ్ళొద్దు. ఇరుక్కుని ఎవరూ చావరు, మధ్యలోంచి దిగబోయి జారిపడి చస్తారు" అన్నాడు, అంత కటువుగానే. మా లిఫ్ట్ చుట్టూ గోడ కూడా లేదు, కాలు జారితే నేరుగా కింద ఎండిపోయిన ఫౌంటెన్ మీదే. రాడ్ పక్కన పెట్టించాను.

మెకానిక్ మూడూ యాభైకి వచ్చాడు. పైన మెషీన్ గదిలోకి వెళ్ళి ఫోన్ చేసి, "మెయిన్ ఆపేస్తున్నాను, కొంచెం కొంచెంగా కదులుతుంది, భయపడొద్దు" అన్నాడు. కిందికి దింపుతాడనుకుని నేను కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. లిఫ్ట్ పైకి కదిలింది! తర్వాత అడిగితే చెప్పాడు. లిఫ్ట్‌కి అవతలి వైపు తాడుకి కౌంటర్ వెయిట్ అని ఒక ఎదురు బరువు ఉంటుంది కదా, అది ఖాళీ క్యాబిన్ బరువుతో పాటు పూర్తి లోడ్‌లో సుమారు సగం కలిపి పెడతారట. మాది వెయ్యి కిలోల లిఫ్ట్, లోపల ఉన్నది ఇద్దరం, ఎలా చూసినా నూట ముప్పై కిలోలు మించం. బ్రేక్ వదిలితే అటువైపు బరువే కిందికి పోతుంది, మేం పైకి పోతాం. ఇన్నేళ్ళు బరువులతో నడిచే గోడ గడియారాలు విప్పి బిగించినవాడిని, ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

నాలుగూ పదిహేనుకి నాలుగో చుట్టులో తలుపు తెరుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కోపం వచ్చింది ఎందుకో. పెద్దావిడ దుప్పటి దులుపుకుని, "నీ షాపు ఇంకా ఎంత దూరం బాబూ" అన్నారు. ఇద్దరం నడిచి పైకి వెళ్ళాం, గడియారం తీసుకున్నాను.

ఆగిపోవడానికి కారణం వింటే నవ్వొస్తుంది. ప్రతి చుట్టులోనూ బయటి తలుపుకి ఒక తాళం, దానికో చిన్న కాంటాక్ట్, తలుపు పడితేనే కరెంటు కలిపే స్విచ్ లాంటిది, ఉంటుంది. అన్నీ ఒకే తీగ మీద వరసగా ఉంటాయి, పాతకాలం సీరియల్ బల్బుల దండలాగా, ఒక్కటి వదులైతే మొత్తం ఆగిపోవాలి. రెండో చుట్టులో కాంటాక్ట్ వదులైంది. పది నిమిషాల పని. కానీ మర్నాడు, ఫిబ్రవరి 12న, ఆ పని చేయడానికి వచ్చినప్పుడు వాళ్ళ పెద్ద మెకానిక్ లిఫ్ట్‌ని మోసే ఉక్కు తాళ్ళ మీద టార్చి వేసి చూశాడు. తెగి బయటికి పొడుచుకొచ్చిన సన్న తీగలు, ఒకచోట కాదు. "ఇది నేను నడపనివ్వను" అని స్విచ్ ఆపి కాగితం రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఆ మనిషి మీద నేను చాలా రోజులు లోలోపల మండిపడ్డాను. తప్పే, కానీ పడ్డాను.

ఇక్కడి నుంచి రెండో కథ.

లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇరవై రోజులు పట్టింది, మార్చి 3. ఆయన రెండు సంగతులు తేల్చారు. ఒకటి, తాళ్ళన్నీ మార్చాలి, ఒక్కటి మార్చి మిగతావి ఉంచడం కుదరదు, వాటితో పాటు తాళ్ళు తిరిగే పెద్ద పుల్లీ కూడా మార్చాలి. దాని గాళ్ళు అరిగిపోయాయి, అరిగిన గాడిలో కొత్త తాడు వేస్తే కొత్తదాన్నీ త్వరగా తినేస్తుంది. రెండోది మేం ఎవరం ఊహించనిది, అద్దం. క్యాబిన్ అద్దం అంటే మామూలు అద్దం కాదు, రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, పగిలినా ముక్కలు ఊడి పడకుండా. మా లిఫ్ట్ వెనక పలకలో ఆ పొర అంచుల దగ్గర విడిపోయి పాలు కలిపినట్టు తెల్లగా అయింది. ఏళ్ళ తరబడి అది మురికి అనుకుని తుడిచేవాళ్ళు పాపం.

మార్చి 10న మేనేజ్‌మెంట్ మీటింగ్ పెట్టింది. తాళ్ళు, పుల్లీ మేం వేయిస్తాం, అద్దం మాత్రం వంపు తిరిగింది కాబట్టి ఖరీదు, దాని స్థానంలో స్టీలు రేకు కొట్టిద్దాం అన్నారు. కింది రెండు చుట్ల షాపులవాళ్ళు రేకే మేలన్నారు, అందులో ఇద్దరైతే అసలు లిఫ్టే ఎందుకు, వాలు దారి ఉందిగా, నడిచి ఎక్కుతారు అన్నారు. వాళ్ళకేం, వాళ్ళ షాపు గుమ్మంలోనే ఉంది.

నేను లెక్కపెట్టాను. కింది గుమ్మం నుంచి నా షాపుకి 612 అడుగులు, అన్నీ ఎగువకే. ఎక్కడా నిటారుగా ఉండదు, అదే మోసం, మూడో చుట్టు దాకా తెలియదు, ఆ తర్వాత పిక్కలు చెబుతాయి. ఫిబ్రవరి ముందు నాకు రోజుకి పదీ పన్నెండు మంది వచ్చేవారు. మార్చిలో ముగ్గురు, కొన్ని రోజులు ఒక్కరూ రాలేదు. ఫోన్ చేసి, మీరే కిందికి రండి అనేవాళ్ళు. అలా రోజుకి రెండు మూడుసార్లు దిగి ఎక్కేవాణ్ణి. ఆ పెద్దావిడ గడియారం కూడా అలాగే దించి ఇచ్చాను, ఏప్రిల్ మొదట్లో.

ఖాళీగా కూర్చున్న ఆ రోజుల్లోనే ఈ మాల్ ఇలా ఎందుకు కట్టారా అని చదవడం మొదలుపెట్టాను. న్యూయార్క్‌లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఉంది, 1959లో తెరిచారు, అదీ ఇలాగే చుట్లు తిరిగే వాలు దారే. దాన్ని గీసిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనుకున్నది, జనం లిఫ్ట్‌లో నేరుగా పైకి వెళ్ళాలి, బొమ్మలు చూసుకుంటూ తీరిగ్గా కిందికి నడవాలి అని. అది చదివాక లేచి బయటికి వచ్చి రెయిలింగ్ దగ్గర నిలబడ్డాను. మా మాల్ కూడా అంతే కదా! షాపుల బోర్డులన్నీ పై నుంచి దిగేవాళ్ళకి ఎదురుగా కనిపించేలా తిప్పి ఉన్నాయి. కింది నుంచి ఎక్కేవాడికి బోర్డుల వీపులు కనిపిస్తాయి. ఈ భవనానికి అసలు గుమ్మం పైన ఉంది, ఆ గుమ్మానికి దారి లిఫ్ట్. రెండు లిఫ్ట్‌లు ఆగిపోయిన నాటి నుంచే పై చుట్లు ఒక్కొక్కటీ షట్టర్ దించడం మొదలైందని పాతవాళ్ళని అడిగితే తెలిసింది. జనం రాక లిఫ్ట్‌లు పాడుపెట్టారా, లిఫ్ట్‌లు పాడై జనం మానేశారా అంటే నేను రెండోదే అంటాను. అందరూ ఒప్పుకోరు.

మార్చి 24న రెండో మీటింగ్‌లో ఇదే చెప్పాను, బోర్డుల సంగతి చూపించాను. రేకు కొడితే అది సామాన్ల లిఫ్ట్ అవుతుంది, పిల్లలు ఎక్కుతామని ఏడ్చే లిఫ్ట్ అవదు అన్నాను. అమెరికాలోని అట్లాంటాలో జాన్ పోర్ట్‌మన్ అనే ఆర్కిటెక్ట్ 1967లో కట్టిన హోటల్ గురించి కూడా చెప్పాను, ఇప్పటి హయత్ రీజెన్సీ, 22 అంతస్తుల ఖాళీ మధ్యలో అద్దాల లిఫ్ట్‌లు తిప్పాడు, అప్పటి నుంచే హోటళ్ళూ మాల్స్ అతన్ని చూసి కట్టడం మొదలుపెట్టాయి అని. చరిత్ర ఎవరూ వినలేదు. నన్ను గట్టెక్కించింది మెకానిక్ చెప్పిన వేరే మాట. అద్దం తీసి రేకు వేస్తే క్యాబిన్ బరువు మారుతుంది, చదరపు మీటరు అద్దం ఒక మిల్లీమీటరు మందానికే రెండున్నర కిలోలు, కాబట్టి కౌంటర్ వెయిట్ మళ్ళీ లెక్కకట్టి సరిచేయాలి, ఆ కాగితాలూ పరీక్షలూ వేరే, రేకులో మిగిలేది పెద్దగా ఉండదు అన్నాడు. అప్పుడు ఒప్పుకున్నారు, అద్దం ఖర్చులో సగం షాపులవాళ్ళే పెట్టుకోవాలనే షరతుతో. పైవాళ్ళకి ఎక్కువ వాటా, కిందవాళ్ళకి తక్కువ. నా వాటా, నాకు బాగా గిరాకీ ఉన్న రోజుల్లోని అయిదు వారాల సంపాదన. అద్దె తగ్గించమని మూడు ఉత్తరాలు రాస్తే ఒక్క నెల మాత్రం నాలుగో వంతు తగ్గించారు.

తాళ్ళు, పుల్లీ ఏప్రిల్ 14న ఆర్డర్ పెట్టారు, జూన్ 2న వచ్చాయి. బిగించడం నాలుగు రోజులే. అద్దమే మమ్మల్ని చంపింది. వంపు అద్దం రెడీమేడ్ దొరకదు, కొలత తీసుకెళ్ళి అచ్చు చేసి వంచాలి. ఏప్రిల్ 20న కొలతలు తీశారు, జూన్ 24న అద్దం వచ్చింది. నలుగురు మోసుకొచ్చి ఫ్రేమ్‌కి ఆనించారు, పైన కూర్చుంది, కింద వేలు దూరేంత సందు. కొలతలు తీసినవాళ్ళు ఫ్రేమ్ కూడా కాలంతో కొంచెం వంగిందని చూసుకోలేదు. తప్పు మాది కాదు మీది అని వాళ్ళూ వీళ్ళూ మూడు వారాలు ఉత్తరాలు రాసుకున్నారు. అద్దం కూర్చోని ఆ రోజు సాయంత్రం నేను షాపు మూసేద్దామని నిజంగానే అనుకున్నాను, పెట్టెలు కూడా తెచ్చుకున్నాను. నా పక్కన టైలర్ షాపు ఆయన జూలైలో వెళ్ళిపోయాడు, ఆయన వాటా డబ్బు తిరిగి అడగలేదు.

రెండోసారి ఫ్రేమ్‌కే చెక్క అచ్చు పెట్టి గీసుకుని వెళ్ళారు. ఆగస్టు 21న వచ్చింది, కూర్చుంది.

సెప్టెంబరు 8, బరువుల పరీక్ష. అంత బాగుంటుందని అనుకోలేదు. ఒక్కొక్కటి ఇరవై అయిదు కిలోల ఇనుప దిమ్మలు, యాభై తెచ్చారు. ముందు ఇరవై దిమ్మలు, అంటే సగం లోడ్, వేసి పైకీ కిందికీ నడిపి మోటారు తీసుకునే కరెంటు మీటర్‌లో చూశారు. రెండు వైపులా ఇంచుమించు ఒకటే రావాలి, వస్తే కౌంటర్ వెయిట్ సరిపోయినట్టు. ఒక వైపు ఎక్కువ చూపించింది, కౌంటర్ వెయిట్‌లోంచి రెండు పలకలు తీసి మళ్ళీ చూశారు, సరిపోయింది. త్రాసులో గింజలు వేసి తీసినట్టే ఉంది. తర్వాత యాభై దిమ్మలూ వేశారు, వెయ్యి కిలోల లిఫ్ట్‌లో పన్నెండు వందల యాభై, కిందికి వస్తుండగా కరెంటు తీసేసి బ్రేక్ ఒక్కటే పట్టి ఆపుతుందా అని చూడటానికి. ఆపింది. జెరాక్స్ షాపు కుర్రాడూ నేనూ ఆ దిమ్మలు మోయడానికి సాయం పట్టాం, మూడు రోజులు నడుం లేవలేదు.

చివరిది సేఫ్టీ గేర్. వేగం హద్దు మీరితే గవర్నర్ అనే చక్రం పసిగట్టి ఒక సన్న తాడుని పట్టేస్తుంది, ఆ తాడు క్యాబిన్ అడుగున ఉన్న దవడలని లాగుతుంది, అవి క్యాబిన్‌కి దారి చూపే నిలువు పట్టాలని, అంటే గైడ్ రెయిల్స్‌ని, కరిచి పట్టుకుంటాయి. పెద్ద తాళ్ళన్నీ తెగినా పట్టుకుంటాయి. 1854లో లిఫ్ట్‌లు తయారుచేసే ఎలీషా ఓటిస్ న్యూయార్క్ ప్రదర్శనలో తాను నిలబడ్డ లిఫ్ట్ తాడు తానే తెగ్గొట్టించి జనానికి చూపించింది ఇలాంటి ఏర్పాటునే, అది జరిగిన క్రిస్టల్ ప్యాలెస్ కూడా ఇనుముతో, అద్దాలతో కట్టిందే. మా లిఫ్ట్‌లో దవడలు పడినప్పుడు మాల్ మొత్తం 'ధన్' మని మోగింది. రెయిల్ మీద పళ్ళ గాట్లు పడ్డాయి, ఆకురాయితో రాసి నున్నగా చేశారు. ఆ గాట్లు చూశాకే నాకు ఫిబ్రవరి భయం పోయింది, ఎవరు ఎంత చెప్పినా పోనిది.

సెప్టెంబరు 16న ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చి సంతకం పెట్టారు. 20న ఉదయం తెరిచారు. రిబ్బన్లూ గిబ్బన్లూ ఏమీ లేవు. స్టిక్కర్ మీద నంబరుకి నేనే ఫోన్ చేసి చూశాను, రెండు రింగులకి ఎత్తారు. అలారం గంట ఇప్పుడు జెరాక్స్ షాపులో మోగుతుంది.

ఇప్పటికి నెల అయింది. నాకు రోజుకి ఏడెనిమిది మంది వస్తున్నారు, పన్నెండు ఇంకా కాలేదు. నాలుగో చుట్టులో ఒక డాన్స్ క్లాసు వచ్చింది, తెరిచి ఉన్నవి మళ్ళీ 19. పెద్దావిడ మొన్న చేతి గడియారం బెల్టు కోసం వచ్చారు. లిఫ్ట్‌లోనే వచ్చారట, అద్దం వైపు కాదు తలుపు వైపు తిరిగి నిలబడి. వెళ్ళేటప్పుడు మాత్రం నడిచి దిగారు, దారిలో డాన్స్ క్లాసు దగ్గర చాలాసేపు ఆగడం పై నుంచి చూశాను.

వారం నుంచి లిఫ్ట్ ఒక బొటనవేలంత కిందుగా ఆగుతోంది. కొత్త తాళ్ళు మొదట్లో సాగుతాయట, పొట్టి చేసి మళ్ళీ బిగించాలి. గురువారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ఆపుతున్నారు. ఆ బోర్డు రాసే పని నాకు పడింది, ఇవాళ రాయాలి.